పై స్వరాలకు వెళ్లేసరికి గొంతు బిగుసుకుపోతోంది, శ్రుతి దిగుతోంది: ఏం చేయాలి?

పై_గాంధారం

నమస్కారమండీ. ఉద్యోగంలో చేరాక పాట నేర్చుకోవడం మొదలుపెట్టినవాణ్ని. మగగొంతు, ఒకటో శ్రుతిలో (అంటే C నా షడ్జం) పాడతాను. పై షడ్జం వరకు ఇబ్బంది లేదు. పై రిషభం దగ్గర మొదలవుతుంది గొడవ. గడ్డం దానంతటదే పైకి లేస్తుంది, మెడ పక్కన నరాలు ఉబ్బుతాయి. గాంధారం అందిందా, పాటలా ఉండదు, ఎవరినో కేకేసి పిలిచినట్టుంటుంది. అందలేదా, స్వరం మధ్యలో పుటుక్కున విరిగి దొంగగొంతులోకి జారిపోతుంది. ఈ రెండూ కాక ఇంకో దారి నాకు దొరకట్లేదు.

ఇంకో సమస్య. ఒక స్వరాన్ని పొడుగ్గా పట్టుకుంటే చివర్లో శ్రుతి దిగుతోంది. పాడేటప్పుడు తెలియదు, రికార్డు చేసుకుని వింటే తెలుస్తోంది. పైగా గంటసేపు పాడితే గొంతు బరువెక్కి, ఆ తర్వాత మామూలు మాట కూడా జీరగా వస్తోంది. "కడుపులోంచి పాడు" అని చాలామంది చెప్పారు. పొట్ట బిగించి పాడితే గొంతు ఇంకా బిగుసుకుంటోంది. వీటిలో ముందు దేని పని పట్టాలి?

శ్రుతిపెట్టె

కంగారు పడకు బాబూ. గొంతు ఒక్కనాడు లొంగేది కాదు. మంద్రస్థాయిలో, అంటే కింది స్వరాల్లో, పొడుగు స్వరాలు పట్టి రోజూ సాధన చెయ్యి. మంద్రం కుదిరితే తారం, అంటే పైస్థాయి, మెల్లగా అదే వస్తుంది. గొంతు బరువెక్కడాన్ని మరీ పట్టించుకోకు. కొత్తగా కసరత్తు మొదలుపెడితే ఒళ్లు నొప్పులు పుట్టవా? ఇదీ అంతే. ఆపకుండా పాడితే గట్టిపడుతుంది.

అకారసాధన

శ్రుతిపెట్టె గారూ, పొడుగు స్వరాల గురించి మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నొప్పి మాటతో మాత్రం నేను ఏకీభవించలేనండీ. దాని గురించి వైద్యం తెలిసినవాళ్లు చెబితే బాగుంటుంది. నేను పాఠాలు చెప్పే మనిషిని, పై గాంధారం సంగతి చెబుతాను.

తమ్ముడూ, ఒకటో శ్రుతిలో మీ పై గాంధారం అంటే స్వరతంత్రులు సెకనుకు దాదాపు 330 సార్లు అదురుతున్నాయన్నమాట. కింది షడ్జంలో అవి 130 సార్లే అదురుతాయి. ఈ తేడాను తెచ్చేవి ముఖ్యంగా రెండు కండరాలు. ఒకటి తంత్రుల్లోనే ఉండి వాటిని పొట్టిగా, మందంగా చేస్తుంది. మాట్లాడేటప్పుడు, కింది స్వరాల్లో పెత్తనం దానిదే. రెండోది స్వరపేటిక ముందుభాగంలో బయటివైపు ఉంటుంది. అది తంత్రుల్ని సాగదీసి పలచబరుస్తుంది, పై స్వరాలు దాని చలవే. కింది నుంచి పైకి వెళ్తూ మొదటిది కొద్దికొద్దిగా వదలాలి, రెండోది కొద్దికొద్దిగా అందుకోవాలి. మీ గొంతులో మొదటిది వదలడం లేదు. గాంధారం దాకా పట్టుకునే ఉండి, ఇక సాధ్యంకాక ఒక్కసారిగా వదిలేస్తోంది. ఆ పుటుక్కుమనేది అదే. మగగొంతుల్లో చాలావాటికి ఈ మలుపు సరిగ్గా మీరు చెప్పిన చోటే వస్తుంది. కాబట్టి మీ గొంతులో లోపమేమీ లేదు.

ఆ మలుపులో జనం చేసే పని బలం పెంచడం. బలం పెంచినకొద్దీ మొదటి కండరం ఇంకా బిగుస్తుంది. అందుకే నా దగ్గరకు వచ్చినవాళ్లకు ముందు చెప్పేది ఒక్కటే: ఆ నాలుగైదు స్వరాల్లో శబ్దం సగానికి తగ్గించండి. సన్నగా, బలహీనంగా వస్తుంది. రానివ్వండి. ఇప్పుడు కావలసింది తెగకుండా దాటడం, బలం తర్వాత సంగతి.

ఎలా చేయాలంటే, పెదవులు వదులుగా కలిపి "బ్ర్‌ర్‌ర్" అంటూ అదిరించండి. చిన్నపిల్లలు బండి నడుపుతూ చేసే శబ్దమే. దానితో పై మధ్యమం నుంచి కింది పంచమం దాకా జారండి. పైనుంచి కిందికే, ముందు కింది నుంచి పైకి వద్దు. పైనుంచి దిగేటప్పుడు పలచటి గొంతే మెల్లగా మందమవుతుంది, మలుపు మెత్తగా గడుస్తుంది. పెదవుల అదురు ఎక్కడ ఆగిందో అక్కడే గాలి తడబడిందని గుర్తు. తర్వాత అదే జారుడు "ఊ"తో, ఆ తర్వాత "ఓ"తో. "ఆ" అన్నిటికన్నా ఆఖరున.

ఇంకొకటి. పాడుతూ బొటనవేలు గడ్డం కింద మెత్తటి చోట పెట్టుకోండి. కింది స్వరంలో మెత్తగా ఉన్న ఆ చోటు పై స్వరానికి వెళ్లగానే గట్టిపడి వేలిని కిందికి నెట్టిందంటే, నాలుక మొదలు బిగుస్తోందన్నమాట. నాలుక స్వరపేటికకు పైనున్న ఎముకకు అతుక్కుని ఉంటుంది. అది బిగిస్తే పేటిక స్వేచ్ఛగా కదలలేదు. వేలు అలాగే ఉంచి, అక్కడ మెత్తదనం పోకుండా ఏ స్వరం దాకా వెళ్లగలరో చూడండి. ప్రస్తుతానికి మీ అసలు హద్దు అది.

గొంతు_చికిత్స

అకారసాధన గారు అడిగారు కాబట్టి చెబుతున్నాను. గొంతు సమస్యలవాళ్లతో పనిచేసే స్పీచ్ థెరపిస్టుని.

శ్రుతిపెట్టె గారూ, చేతి కండరం బరువులెత్తి నొప్పి పుట్టాక గట్టిపడుతుంది, నిజమే. కానీ పాటలో ఒకదానికొకటి తగిలేది తంత్రుల మీది పలచటి పొర. అది కండరం కాదు. గంటసేపు పాడితే వాటి మధ్య తాకిడి లక్షల సార్లు జరుగుతుంది. బలం ఎక్కువైతే ఆ పొర వాస్తుంది. వాచిన తంత్రులు బరువెక్కి నెమ్మదిగా అదురుతాయి, సరిగ్గా మూసుకోవు, అందుకే జీర. అదే పని నెలల తరబడి జరిగితే తంత్రుల అంచున చిన్న బుడిపెలు కడతాయి. పాటగాళ్లకు, టీచర్లకు ఇవి ఎక్కువగా చూస్తాం. ఊరట కలిగించే మాట ఏమిటంటే, చాలామందికి పాడే, మాట్లాడే తీరు మార్చుకోవడంతోనే అవి తగ్గుతాయి.

పై_గాంధారం గారూ, పాడాక జీర వస్తోందంటే ఆ రోజుకు మోతాదు మించిందనే అర్థం. గంట ఒక్కబిగిన వద్దు. పదీ పదిహేను నిమిషాలు పాడి కాసేపు ఆపి, మళ్లీ పాడండి. జీర రెండు మూడు వారాలైనా వదలకపోతే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించుకోండి. పాడుతుండగా గొంతు హఠాత్తుగా పోయినా, రక్తం పడినా వారాలు ఆగొద్దు, వెంటనే వెళ్లండి. సన్నటి కెమెరాతో తంత్రుల్ని నేరుగా చూస్తారు. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే పాట మాస్టారు చిన్న అద్దం, సూర్యకాంతి సాయంతో పాడుతున్న తన గొంతులోకే చూసుకున్నాడు. ఈ పరీక్షకు దారి వేసింది ఒక సంగీత గురువు అన్నది నాకెప్పుడూ ఇష్టమైన సంగతి.

కొన్ని చిన్న అలవాట్లు కూడా చూసుకోండి. పాడేముందు అదేపనిగా గొంతు సవరించుకోవడం మానండి, అది తంత్రుల్ని ఒకదానితో ఒకటి గట్టిగా కొట్టించడమే. బదులుగా ఒక గుటక మింగండి. గొంతు పోయినప్పుడు గుసగుసలాడటం విశ్రాంతి కాదు, చాలామంది గుసగుసలో ఇంకా బిగిస్తారు. నీళ్లు తాగితే అవి నేరుగా తంత్రుల మీద పడవు, పడితే పొలమారుతుంది. ఒంట్లో నీరు సరిపడా ఉంటేనే ఆ పొర తడిగా ఉంటుంది, కనుక పాడే ముందు గ్లాసెడు గటగటా తాగేకన్నా రోజంతా తాగుతూ ఉండటం మేలు. ఆవిరి పడితే మాత్రం తేమ నేరుగా అందుతుంది.

శ్రుతిపెట్టె

వివరంగా చెప్పారమ్మా. పొర సంగతి నాకు కొత్త. అయితే ఒకమాట, మంద్రంలో సాధన చెయ్యమన్నది బలం పెట్టమని కాదు. నా ఉద్దేశం నిలకడ. స్వరం వణకకుండా, ఊగకుండా నిలబడాలి. ఈ రోజుల్లో పిల్లలు ముందు పై స్వరాల వెంటపడుతున్నారు, కింద నిలకడే ఉండదు. దానిమీద నేను గట్టిగానే ఉంటాను.

అకారసాధన

అందులో రెండోమాటే లేదండీ.

మైక్_ముందు

రికార్డింగ్ పని చేస్తాను. శ్రుతి దిగే సంగతి నేను చెబుతాను, ఇది నాకు రోజూ కనపడేదే.

పాడుతున్నప్పుడు మన గొంతు మనకు రెండు దారుల్లో వినిపిస్తుంది: గాలిలోంచి, పుర్రె ఎముకల్లోంచి. ఎముకల్లోంచి వచ్చేదాంట్లో కింది ధ్వనులు బాగా వినపడతాయి. అందుకే లోపల నిండుగా అనిపించింది రికార్డులో పలచగా ఉంటుంది, అందరికీ మొదట నచ్చదు. లోపల వినపడేదాన్ని నమ్ముకుని శ్రుతి సరిచూసుకోవడం కష్టం. ఒక అరచేతిని చెవి వెనక దొప్పలా పెట్టి, రెండోదాన్ని నోటి దగ్గర నుంచి చెవివైపు వంచండి. బయటి గొంతు వెంటనే తెలుస్తుంది.

ఇక శబ్దం సంగతి. చుట్టూ మోత ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. దీన్ని లాంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. 1911లో ఎతియెన్ లాంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు దీన్ని వివరించాడు. హెడ్‌ఫోన్స్‌లో ట్రాక్ గట్టిగా పెట్టుకుని దాని మీద పాడితే జరిగేది ఇదే. అరుస్తారు, శ్రుతి తప్పుతుంది, తప్పిందని వినపడదు. ట్రాక్ తగ్గించండి, ఒక చెవి మీంచి హెడ్‌ఫోన్ తీసేసి పాడండి. ఒట్టి షడ్జ పంచమాల శ్రుతి మీద సాధన చేస్తే ఇంకా మంచిది. నేనైతే నేర్చుకునేవాళ్లు మొదటి ఏడాది ట్రాకుల జోలికే పోవద్దంటాను. చాలామంది ఒప్పుకోరు, అయినా నా అభిప్రాయం ఇది.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ పెట్టుకోవచ్చు. ఒక అరస్వరాన్ని 100 సెంట్లుగా విడగొట్టి చూపిస్తుంది. అయితే పాడుతూ ముల్లు చూస్తే కన్నే పాడుతుంది, చెవి నిద్రపోతుంది. ముందు పాడండి, నిలబెట్టండి, "సరిగ్గా ఉంది" అని మీకు మీరు తీర్పు చెప్పుకున్నాక కళ్లు తెరిచి చూడండి.

అకారసాధన

దానికి ఒక్కటి కలుపుతాను. చివర్లో మాత్రమే దిగుతోందంటే చెవి కన్నా గాలిని ఎక్కువ అనుమానించాలి. తంత్రుల కింద గాలి ఒత్తిడి తగ్గితే స్వరం దానంతటదే కిందికి జారుతుంది. గుక్క అయిపోవచ్చే సమయానికి జరిగేది అదే.

పై_గాంధారం

అందరికీ ధన్యవాదాలండీ. ఇంత వివరంగా చెబుతారనుకోలేదు. వేలు పెట్టి చూశాను. షడ్జంలోనే గట్టిపడుతోంది, రిషభం దాకా కూడా వెళ్లక్కర్లేదు! గాలి సంగతి ఇంకాస్త చెప్పగలరా? గుండె నిండా పీల్చుకునే మొదలుపెడుతున్నాను, అయినా చాలట్లేదు.

అకారసాధన

నిండా పీల్చడమే ఇబ్బంది తమ్ముడూ. ఊపిరితిత్తులు పూర్తిగా నిండితే వాటికవే ముడుచుకోవాలని చూస్తాయి. గాలి తోసుకొస్తుంది, దాన్ని ఆపడానికి గొంతు బిగుస్తుంది. మీరు బిగపట్టి మొదలుపెడుతున్నారు. పాటలో ఒక పాదానికి ఎంత కావాలో అంతే పీల్చండి.

డయాఫ్రమ్ గురించి చాలా గందరగోళం ఉంది. అది గాలి పీల్చే కండరం. పీల్చినప్పుడు కిందికి దిగుతుంది, పొట్ట ముందుకొస్తుంది. పాడేటప్పుడు అది మెల్లగా పైకి వెళ్తుంది. దాంతో "తోయడం" అనే పని లేదు. పాటగాడు చేయవలసింది దాన్ని, పక్కటెముకల్ని త్వరగా వెనక్కి వెళ్లనివ్వకపోవడం. ఇటాలియన్ గురువులు అపోజియో అనేది దీన్నే. చేతులు నడుముకు పైన, కింది పక్కటెముకల మీద పెట్టుకోండి. ముక్కుతో పీల్చండి, వేళ్లు పక్కలకు జరగాలి, భుజాలు కదలకూడదు. ఇప్పుడు "స్‌స్‌స్" అంటూ వదలండి. ఆ శబ్దం మొదటి నుంచి చివరి దాకా ఒకే సన్నంగా ఉండాలి. ఎన్ని సెకన్లు వచ్చిందన్నది ముఖ్యం కాదు. చేతుల కింద ఎముకలు ఎంత ఆలస్యంగా దగ్గరకొస్తే అంత మంచిది. పొట్టను లోపలికి బిగిస్తే ఇది జరగదు, మీ గొంతు బిగుసుకోవడానికి అదీ ఒక కారణమే.

గొంతు_చికిత్స

దీనికి తోడు స్ట్రా సాధన. సన్నటి స్ట్రా పెదవుల మధ్య పెట్టుకుని, ముక్కులోంచి గాలి పోకుండా, దానిలోకి "ఊ" అంటూ కింది నుంచి పైకీ, పైనుంచి కిందికీ జారండి. స్ట్రా గాలిని కొంత వెనక్కి నెడుతుంది, ఆ ఒత్తిడి తంత్రుల్ని పైనుంచి కాచుకుంటుంది. తక్కువ తాకిడితో తేలిగ్గా అదురుతాయి. ఇంగో టిట్జె అనే శాస్త్రవేత్త దీనిమీద చాలా పరిశోధన చేశారు. స్ట్రా కొసను గ్లాసు నీళ్లలో రెండు మూడు సెంటీమీటర్లు ముంచితే బుడగలు ఒకే వేగంతో వస్తున్నాయో లేదో కంటికి కనపడుతుంది. అలసిన గొంతుకు పాట చివర కూడా చేయవచ్చు.

మెత్తని_గొంతు

చర్చ మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది తిరగేసిన సమస్య. ఆడగొంతు. పైన హాయిగా వస్తుంది, కింది స్వరాలకు వస్తే గాలే తప్ప శబ్దం ఉండదు. పాట మొదలుపెట్టినప్పుడల్లా ముందు "హ్" అని వినిపిస్తుందని అంటున్నారు. ముక్కుతో పాడుతున్నావని కూడా అన్నారు.

అకారసాధన

మీది మొదటి కండరం సరిగ్గా అందుకోకపోవడమమ్మా. మీరు పలచటి గొంతునే కిందిదాకా లాక్కొస్తున్నారు. ఆ స్వరాల్లో మాటను మాటలాగే అని చూడండి. దూరంగా ఉన్న మనిషికి "ఓయ్" అన్నట్టు, అరవకుండా, స్పష్టంగా. అదే గొంతుతో స్వరం పట్టండి. మొదలుపెట్టేటప్పుడు "హ్" రాకుండా ఉండాలంటే మరీ గట్టిగా మూసి పేల్చినట్టు మొదలుపెట్టకూడదు, అదీ చేటే. "మ" పెట్టి "మా" అనండి, మూసిన పెదవుల వెనక శబ్దం ముందే మొదలై ఉంటుంది. తర్వాత "మ" తీసేసి "ఆ" ఒక్కటే.

ముక్కు సంగతి మీరే తేల్చుకోవచ్చు. "ఆ" పట్టి ముక్కు మూయండి, వదలండి. శబ్దం మారకపోతే గాలి ముక్కులోకి వెళ్లట్లేదు. "బెనబెన"మంటూ మారితే వెళ్తోంది. అప్పుడు ఆవులించబోయి ఆపుకున్నట్టు చేయండి, మెత్తటి అంగిలి పైకి లేస్తుంది. "మ", "న" మీద ముక్కు మోగడం సహజమే, వాటిని చూసి భయపడకండి.

కొత్తగొంతు

అక్కా, నాకు ఈమధ్యే గొంతు మారింది. ఇంతకుముందు పాడే పాటలేవీ రావట్లేదు. మాట్లాడుతున్నా విరుగుతోంది. మారడం ఆగేదాకా పాట మానేయమంటున్నారు. మానేయాలా?

అకారసాధన

మానొద్దు నాన్నా. అబ్బాయిలకు ఈ వయసులో తంత్రులు పొడుగై, మందమై గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. పాత కొలతలు కొత్త గొంతుకు పనికిరావు, మళ్లీ కొలుచుకోవాలి. శ్రుతి బాగా తగ్గించుకో. హాయిగా వచ్చే ఐదారు స్వరాల్లోనే పాడు, పాత శ్రుతిలో పాడాలని పట్టు పట్టకు. విరిగితే విరగనీ, ఎవరైనా నవ్వితే అది వాళ్ల అజ్ఞానం. లయ, స్వరజ్ఞానం, వినికిడి మీద పని చేయడానికి ఇంతకన్నా మంచి కాలం దొరకదు. నొప్పి వస్తే మాత్రం ఆపెయ్.

శ్రుతిపెట్టె

ఈ మాట బాగుంది. ఆ వయసులో మానేసి మళ్లీ పాట ముఖం చూడనివాళ్లు ఎందరో.

పై_గాంధారం

మళ్లీ వచ్చానండీ. పెదవుల అదురుతో దిగుతుంటే మలుపు చాలాసార్లు తెలియకుండానే దాటుతోంది. "ఊ"తోనూ ఫర్వాలేదు. మాటలు పెట్టగానే మళ్లీ మొదటికొస్తోంది. ముఖ్యంగా "ఇ", "ఎ" ఉన్న మాట పై స్వరంలో పడితే దవడ పట్టేస్తోంది. శబ్దం తగ్గించి పాడితే ఇంట్లోవాళ్లు వినపడట్లేదంటున్నారు.

అకారసాధన

ఇంట్లోవాళ్లకు ఇంకొన్నాళ్లు వినపడకపోయినా ఫర్వాలేదు!

"ఈ" అనేటప్పుడు మనం పెదవులు పక్కలకు సాగదీస్తాం. పైస్వరాల్లో ఆ సాగదీత నోటిని ఇరుకు చేస్తుంది. అచ్చు మార్చకండి, కొంచెం గుండ్రం చేయండి. పెదవుల మూలలు లోపలికి రావాలి, దవడ చిటికెనవేలు పట్టేంత కిందికి దిగాలి. నాలుక ముందుభాగం మాత్రం "ఈ" చోటే ఉండాలి. మీకు లోపల వేరే అక్షరంలా వినిపిస్తుంది, వినేవాళ్లకు "ఈ"లాగే ఉంటుంది. రికార్డు చేసి సరిచూసుకోండి. "ఎ"ని కాస్త "అ" వైపు వంచండి.

మాట మొత్తం ఒకేసారి పెట్టకండి. పాదాన్ని ముందు "బ్ర్‌ర్", తర్వాత హల్లులు తీసేసి ఒట్టి అచ్చులతో, ఆ తర్వాతే మాటలతో పాడండి. ఎక్కడ తెగిందో అక్కడ మాటలు వదిలి అచ్చుల మెట్టుకు వెనక్కి రండి. అసలు కిటుకంతా ఇక్కడే ఉంది, చాలామంది ఈ మధ్య మెట్టు దూకేస్తారు.

మైక్_ముందు

వినపడకపోవడం గురించి ఒకమాట. గొంతు దూరం వెళ్లేది బలం వల్ల మాత్రమే కాదు. శిక్షణ పొందిన పాశ్చాత్య శాస్త్రీయ (ఒపెరా) గాయకుల గొంతులో 3000 హెర్ట్జ్ చుట్టుపక్కల శక్తి గుమిగూడి ఉంటుంది, వాద్యబృందం మోతలో కూడా మైకు లేకుండా వినిపించడానికి కారణం అదే. స్వీడన్‌కు చెందిన యోహాన్ సుండ్‌బెర్గ్ దీన్ని చక్కగా కొలిచి వివరించారు. మన చెవి కూడా ఆ ప్రాంతంలో చాలా చురుకు. కాబట్టి గొంతు మోగడం నేర్చుకోండి, అరవడం అక్కర్లేదు. ఇక మైకు ముందు పాడేవాళ్లకు ఆ బెంగ అసలే వద్దు.

నిశ్శబ్ద_శ్రోత

ఇన్నాళ్లూ చదువుతూ ఊరుకున్నాను. చిన్నప్పుడు "నీకు శ్రుతి జ్ఞానం లేదు, వెనక నిలబడి పెదవులు కదుపు చాలు" అని ఒకరన్నారు. అప్పటినుంచి పాడలేదు. నాలాంటివాళ్లకు ఆశ ఉందా?

గొంతు_చికిత్స

ఆ మాట అన్నవాళ్లు అనకూడని మాట అన్నారండీ. స్వరాల తేడా నిజంగా గుర్తించలేని స్థితి ఒకటుంది, దాన్ని అమ్యూజియా అంటారు, అది కొద్దిమందికే ఉంటుంది. శ్రుతి తప్పి పాడేవాళ్లను పరీక్షించి ఫోర్‌డ్రెషర్, బ్రౌన్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, వాళ్లలో చాలామందికి స్వరాల తేడా బాగానే తెలుస్తోందని తేలింది. విన్న స్వరానికి తగ్గట్టు గొంతును మలచడం దగ్గరే చిక్కు. అది సాధనతో మెరుగయ్యేదే.

ఎవరైనా తప్పు పాడితే మీకు చివుక్కుమంటుందా? అయితే మీ చెవి పనిచేస్తోంది.

అకారసాధన

మీరు వాద్యం స్వరంతో మొదలుపెట్టకండి. కొత్తవాళ్లు మనిషి గొంతుతోనే తేలిగ్గా గొంతు కలుపుతారు. అదీ మీలాంటి గొంతుతో. మగవాళ్లయితే మగగొంతుతో, ఆడవాళ్లయితే ఆడగొంతుతో.

ముందు మీరే ఏదో ఒక స్వరం "ఊ" అని పట్టండి, మీకు తోచింది. ఎదుటివాళ్లను మీ స్వరానికి వచ్చి కలవమనండి. రెండు గొంతులు కలిసినప్పుడు శబ్దంలో అలలు ఆగిపోయి నున్నగా అవుతుంది. ఆ నునుపు ఒళ్లంతా తెలుస్తుంది. అది నాలుగైదుసార్లు తెలిశాక వాళ్లు ఒక మెట్టు పైకి జరుగుతారు, మీరు కింది నుంచి మెల్లగా జారుతూ వెళ్లి కలవండి. తిన్నగా దూకి అందుకోవాలని చూడకండి. ఇంట్లో ఓపికగా తోడుండేవాళ్లు ఎవరైనా ఉన్నారా? లేకపోతే చెప్పండి, నా "ఊ" రికార్డు చేసి ఇక్కడే పెడతాను. ఆడగొంతు కావాలో మగగొంతు కావాలో చెప్పండి, మగగొంతైతే మైక్_ముందు గారిని అడుగుదాం.

మైక్_ముందు

తప్పకుండా. ఏ శ్రుతిలో కావాలో చెప్పండి, పెడతాను.

నిశ్శబ్ద_శ్రోత

ఆడగొంతండీ. శ్రుతి ఏమిటో నాకు తెలియదు. మామూలుగా మాట్లాడే గొంతుకు దగ్గరగా ఉంటే చాలు.